రాగి డబ్బాకు చిల్లు పడి నీళ్లు చేరితే: యురేనియం ద్రావణీయత లెక్కా, ఏడాదికి కోటో వంతు లెక్కా?

లీచేట్ (ప్రశ్న)

స్వీడన్ ఫోర్స్‌మార్క్, ఫిన్లాండ్ ఓంకాలో రిపాజిటరీల (అణు వ్యర్థాన్ని శాశ్వతంగా పాతిపెట్టే చోట్ల) భద్రతా లెక్కలను విడిగా వేసి సరిచూసుకుంటున్నాను. రెండింటిదీ కేబీఎస్-3 పద్ధతే. వాడేసిన ఇంధనాన్ని పోత ఇనుప దిమ్మెలో అమర్చి, దానికి 50 మిల్లీమీటర్ల మందం రాగి డబ్బా తొడుగుతారు. గట్టి స్ఫటిక శిలలో 400 నుంచి 500 మీటర్ల లోతున నిలువు గుంట తవ్వి అందులో దించుతారు. చుట్టూ 35 సెంటీమీటర్ల మేర బెంటొనైట్ మట్టి దట్టిస్తారు. ఇంతవరకూ సరే. డబ్బాకు చిల్లు పడి నీళ్లు ఇంధనాన్ని తాకాయి అనుకున్న దగ్గర్నుంచే నాకు తికమక.

ఒక అధ్యాయంలో యురేనియం డయాక్సైడ్ ద్రావణీయత లీటరుకు సుమారు 3×10⁻⁹ మోల్ అంటారు. ఇంకో అధ్యాయంలో ఇంధనం ఏడాదికి కోటో వంతు, అంటే 10⁻⁷ చొప్పున కరుగుతుందంటారు. డబ్బాలో 2 టన్నుల యురేనియం ఉందనుకుంటే రెండో లెక్కన ఏడాదికి 0.2 గ్రాములు కరగాలి. మొదటి లెక్కన లీటరు నీళ్లు పట్టేది 0.7 మైక్రోగ్రాములే. అంటే ఆ 0.2 గ్రాములకు ఏడాదికి దాదాపు 2.8 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. బెంటొనైట్ గుండా అన్ని నీళ్లు పారే ప్రసక్తే లేదు. మరి ఏ అంకె వాడాలి? ఇంకొకటి, ఇంత మొండిగా కరిగే పదార్థమైతే ఫలితాల్లో అయోడిన్-129 అంత పైన ఎందుకు కనిపిస్తుంది?

బండకింద

రెండూ వాడాలి. కాకపోతే వేర్వేరు మూలకాలకు. మీ 2.8 లక్షల లీటర్ల లెక్క తప్పేమీ కాదు, అందులోనే జవాబు ఉంది.

ఇంధనం పెల్లెట్ (యురేనియం డయాక్సైడ్ బిళ్ల) పంచదార పలుకులా పైనుంచి సమంగా అరిగిపోదు. అందులోని రేడియోధార్మిక పరమాణువులు మూడు చోట్ల ఉంటాయి. రియాక్టర్‌లో వేడికి అయోడిన్, సీజియం, క్లోరిన్-36 కొంత భాగం పెల్లెట్ నుంచి బయటికి జరిగి, పెల్లెట్‌కీ దాన్ని కప్పే జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రలోహం) గొట్టానికీ మధ్య సందులోనూ, పెల్లెట్ పగుళ్లలోనూ చేరతాయి. మరికొంత రేణువుల సరిహద్దుల్లో ఆగిపోతుంది. మిగిలిందంతా, అంటే 95 శాతం పైనే, యురేనియం డయాక్సైడ్ స్ఫటికం లోపలే చిక్కుకుని ఉంటుంది. మొదటి చోట ఉన్నది నీళ్లు తగిలిన వెంటనే కరుగుతుంది, రెండో చోట ఉన్నది కొన్నాళ్లకు. భద్రతా లెక్కల్లో ఈ రెండింటినీ కలిపి తక్షణ విడుదల భాగం అంటారు. దాని కాలాన్ని సున్నాగా తీసుకుంటారు. మూడో చోట ఉన్నదానికే మీ కోటో వంతు వర్తిస్తుంది.

ఇప్పుడు స్ఫటికం నుంచి ఏడాదికి 0.2 గ్రాముల యురేనియం విడిపోయిందనుకోండి. అది నీళ్లలో నిలవదు. మీరన్నట్టు నీళ్లు దాన్ని మోయలేవు. డబ్బా లోపలే, ఇనుము తుప్పు మీదో, పక్క పెల్లెట్ మీదో మళ్లీ డయాక్సైడ్‌గా అవక్షేపం అవుతుంది. మంచి స్థితిలో ఉన్న బెంటొనైట్ దాటి బయటికి వెళ్లేది విసరణ (నీళ్లు పారకుండానే పదార్థం మెల్లగా వ్యాపించడం) ద్వారానే. దాన్ని నీటి ప్రవాహంగా మార్చి చెబితే ఏడాదికి లీటర్లలో, చాలా గుంటల దగ్గర అంతకంటే తక్కువే. ఏడాదికి ఒక లీటరనుకున్నా బయటికి పోయే యురేనియం 0.7 మైక్రోగ్రాములు. కాబట్టి యురేనియం, థోరియం, ప్లూటోనియం, నెప్ట్యూనియం, టెక్నీషియం ఎంత బయటికి వెళ్తాయో తేల్చేది ద్రావణీయత. ఆక్సిజన్ లేని నీళ్లలో ఇవి ఎక్కువగా నాలుగో వేలన్సీలో ఉంటాయి, ప్లూటోనియం కొంత మూడో వేలన్సీలోనూ ఉంటుంది. నాలుగో వేలన్సీ వాటి ద్రావణీయత లీటరుకు 10⁻⁹, 10⁻⁸ మోల్ దరిదాపుల్లోనే.

అయోడిన్‌కు అలాంటి అడ్డు ఏదీ లేదు. ఆ 0.2 గ్రాముల స్ఫటికం చెదిరినప్పుడు అందులోంచి వచ్చిన అయోడైడ్ మళ్లీ అవక్షేపం కాదు. దానిది రుణావేశం. బెంటొనైట్ మట్టి పొరలదీ రుణావేశమే కాబట్టి దాన్ని పట్టుకోలేవు. అందుకే స్ఫటికం వేగం అనే అంకె అసలు అక్కరకొచ్చేది అయోడిన్, క్లోరిన్‌లాంటి వాటికే.

అంకెల్లో చూద్దాం. టన్ను యురేనియానికి 33 గిగావాట్-రోజుల బర్నప్‌కు (ఇంధనం నుంచి తీసిన శక్తికి) అయోడిన్-129 దాదాపు 180 గ్రాములు పుడుతుంది. ఈమధ్య ఇంధనాల బర్నప్ ఇంకా ఎక్కువ కాబట్టి డబ్బాకు 400 గ్రాములు అనుకుందాం. తక్షణ విడుదల భాగం 3 శాతం అయితే 12 గ్రాములు, అంటే 8 కోట్ల బెకరెల్ దగ్గర, డబ్బాలోకి నీళ్లు రాగానే వచ్చేస్తుంది. స్ఫటికం నుంచి వచ్చేది ఏడాదికి 40 మైక్రోగ్రాములు, సుమారు 260 బెకరెల్. మొదటి రోజున వచ్చినంత అయోడిన్ స్ఫటికం నుంచి రావాలంటే 3 లక్షల ఏళ్లు పడుతుంది. అయోడిన్-129 అర్ధాయుష్షు 1.57 కోట్ల ఏళ్లు కాబట్టి ఈలోగా తరిగేదేమీ ఉండదు. మీ ఫలితాల గ్రాఫ్‌లో మొదట లేచే శిఖరం తక్షణ విడుదల. తర్వాత చాలాకాలం చదునుగా సాగేది కోటో వంతు.

ఆ 3 శాతం ఎక్కడిదంటే, ఇంధన కడ్డీలో విడుదలైన క్రిప్టాన్, జెనాన్ వాయువుల శాతాన్ని కొలిచి, దాన్నిబట్టి అయోడిన్‌కు అంచనా కడతారు. బర్నప్ కంటే కడ్డీ ఎంత వేడిగా నడిచిందన్నదే దీన్ని ఎక్కువ శాసిస్తుంది. ఒకే బర్నప్ ఉన్న రెండు కడ్డీల్లో ఒకటి 1 శాతం, ఇంకొకటి 5 శాతం చూపించినా ఆశ్చర్యపోకండి.

రేడియం-226 సంగతీ మర్చిపోవద్దు. లక్షల ఏళ్లు దాటాక, డబ్బా తుప్పుపట్టి పోయిందనుకునే సందర్భంలో ఫోర్స్‌మార్క్ లెక్కల్లో రేడియేషన్ మోతాదును ఎక్కువగా నడిపించేది అదే. థోరియం-230 నుంచి పుడుతూనే ఉంటుంది. దాన్ని ఆపగలిగేది బేరియం సల్ఫేట్. మన మంగంపేట ముగ్గురాయి ఖనిజమే. సీజియం-137 క్షీణిస్తే వచ్చే బేరియానికి భూగర్భజలంలోని సల్ఫేట్ తోడైతే డబ్బాలో ముగ్గురాయి ఏర్పడుతుంది. రేడియం అందులో ఇమిడిపోతుంది. మీ లెక్కలో ఈ సహావక్షేపణ వేశారో లేదో చూసుకోండి. వేస్తే రేడియం బాగా పడిపోతుంది.

లీచేట్

అర్థమైంది, ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. ఆక్సిజన్ లేని నీళ్లన్నారు. కానీ ఇంధనం రేడియేషన్ నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది కదా? పెల్లెట్ ఉపరితలం దగ్గర ఆక్సీకరణ వాతావరణమే ఉండాలి. అలాంటప్పుడు నాలుగో వేలన్సీ ద్రావణీయతను ఎలా నమ్మడం?

పెల్లెట్‌మీద

ఆ సందేహం చాలాకాలం అందరికీ ఉన్నదే. ఈ రంగంలో పాతికేళ్ల ప్రయోగాల్లో చాలావాటి లక్ష్యం దీన్ని తేల్చడమే.

డబ్బా చెడటానికి కనీసం వేల ఏళ్లు పడుతుందంటే, అప్పటికి సీజియం-137, స్ట్రాన్షియం-90 ఉండవు. రెండింటి అర్ధాయుష్షూ 30 ఏళ్ల దగ్గరే. బీటా, గామా దాదాపు అణిగిపోయి ఆల్ఫా మిగులుతుంది. నీళ్లలో ఆల్ఫా కణం పోయే దూరం 40 మైక్రాన్లు. పెరాక్సైడ్ పుట్టేదంతా ఆ పలుచని పొరలోనే, పెల్లెట్‌ను ఆనుకునే. మీరన్నట్టు ప్రమాదం అక్కడే ఉంది. పెరాక్సైడ్ నాలుగో వేలన్సీ యురేనియాన్ని ఆరుకు తెస్తుంది. బైకార్బొనేట్ ఉంటే అది యురనిల్ కార్బొనేట్‌గా వెంటనే నీళ్లలో కలుస్తుంది.

దీనికి ఎదురు పనిచేసేవి మూడున్నాయి. మొదటిది, పెల్లెట్ ఉపరితలం మీద పెరాక్సైడ్‌లో ఎక్కువ భాగం యురేనియం జోలికి పోకుండానే నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. వాడేసిన ఇంధనంలో విఖండన ఉత్పత్తులు కలిసి ఉన్నందువల్ల, స్వచ్ఛమైన యురేనియం డయాక్సైడ్ కంటే ఇందులో ఆక్సీకరణకు దారితీసే వాటా ఇంకా తక్కువ.

రెండోది హైడ్రోజన్. లోపలి పోత ఇనుము ఆక్సిజన్ లేని నీళ్లలో తుప్పుపట్టి మాగ్నెటైట్‌గా మారుతుంది. మూడు ఇనుము పరమాణువులకు నాలుగు హైడ్రోజన్ అణువులు పుడతాయి. నీళ్లు అంత వేగంగా బయటికి మోసుకుపోలేవు కాబట్టి హైడ్రోజన్ పీడనం ఆ లోతులోని నీటి పీడనం దాకా పెరుగుతుంది. 430 మీటర్ల దగ్గర అది 43 బార్లు. కరిగిన హైడ్రోజన్ లీటరుకు 30 మిల్లీమోల్ పైచిలుకు. ప్రయోగాల్లో మిల్లీమోల్ స్థాయి హైడ్రోజన్‌కే ఇంధనం కరగడం కొలవలేనంత తగ్గిపోయింది. మామూలుగా ఆ ఉష్ణోగ్రతలో హైడ్రోజన్ దేనితోనూ చర్య జరపదు. ఇక్కడ జరుపుతుంది. ఎందుకంటే ఇంధనంలో మాలిబ్డినం, రుథీనియం, రోడియం, పల్లేడియం, టెక్నీషియం కలిసిన లోహపు రేణువులు ఉంటాయి. వాటినే ఎప్సిలాన్ రేణువులంటారు. వాటి మీద హైడ్రోజన్ విడిపోయి ఎలక్ట్రాన్లను యురేనియం డయాక్సైడ్‌కు ఇస్తుంది. ఆరో వేలన్సీకి పోబోయే యురేనియం వెనక్కి వస్తుంది.

మూడోది, తుప్పు నుంచి వచ్చే ఫెర్రస్ అయాన్. పెరాక్సైడ్‌ను అదీ తినేస్తుంది.

మరి హైడ్రోజన్ అంత గట్టిగా ఆపుతుంటే సున్నా అనకుండా కోటో వంతు ఎందుకు పెట్టారు? సున్నా అని నిరూపించలేరు కాబట్టి. ఫోర్స్‌మార్క్ లెక్కల్లో 10⁻⁸ నుంచి 10⁻⁶ దాకా పరిధి తీసుకుని మధ్యలో 10⁻⁷ ఉంచారు. కింది అంచుకు పోతే మొత్తం ఇంధనం కరగడానికి పది కోట్ల ఏళ్లు, పై అంచుకు పది లక్షల ఏళ్లు. కోటో వంతును ప్రకృతి నియమంగా చూడొద్దు. ప్రయోగాల్లో కొలవగలిగిన అడుగు మీద కొంత జాగ్రత్త కలిపి పెట్టుకున్న అంకె అది.

హైడ్రోజన్ వాదనకూ హద్దులున్నాయి. గామా ఇంకా బలంగా ఉన్న కాలంలో ఉప్పు నీళ్లలోని బ్రోమైడ్, నీళ్లు విడిపోయినప్పుడు వచ్చే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టేసి హైడ్రోజన్ ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. ఓంకాలో ఉన్న ఓల్కిలువోటోలో లోతు జలం ఉప్పగానే ఉంటుంది, బ్రోమైడ్ కూడా ఉంది. అందుకని డబ్బా తొందరగా చెడిందనుకునే సందర్భానికీ, లక్ష ఏళ్ల తర్వాత చెడిందనుకునే సందర్భానికీ ఒకే వేగం వాడితే సమర్థించుకోవడం కష్టం.

ప్రకృతిలో సాక్ష్యం కావాలంటే కెనడా సిగార్ లేక్ చూడండి. 430 మీటర్ల లోతున, 130 కోట్ల ఏళ్ల నాటి గాఢమైన యురేనియం ఖనిజం బంకమట్టి పొర మధ్య ఉంది. భూమి పైన దాని ఆనవాలే లేదు. రేడియాలసిస్ (రేడియేషన్ నీళ్లను విడగొట్టడం) నమూనాలు అక్కడ ఎంత ఆక్సీకరణ జరిగి ఉండాలని చెప్పాయో, శిలలో కనిపించింది అంతకంటే చాలా తక్కువ. గాబన్‌లోని ఓక్లో సహజ రియాక్టర్లలోనూ ఇలాంటిదే. యురేనియం, ప్లూటోనియం, నియోడైమియం దాదాపు పుట్టిన చోటే మిగిలాయి. జెనాన్, అయోడిన్, సీజియం పోయాయి. పైన బండకింద గారు చేసిన విభజనకు ఇది సరిగ్గా సరిపోతుంది.

కార్బనేట్

పై రెండు జవాబులకూ ఒక షరతు ఉంది. దాన్ని గట్టిగా చెప్పకపోతే చదివేవాళ్లు కోటో వంతును ఎక్కడ పడితే అక్కడ అతికిస్తారు.

అది నీళ్లలో ఆక్సిజన్ లేనప్పటి మాట. ఆక్సిజన్, కార్బొనేట్ రెండూ ఉంటే యురేనియం ఎలా కరుగుతుందో చూడాలంటే స్వీడన్ దాకా పోనక్కర్లేదు, కడప జిల్లా తుమ్మలపల్లె చాలు. అక్కడి ఖనిజం డోలమైట్ శిలలో ఉంది. ఆమ్లం వేస్తే ఆ శిలే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, ఆక్సిజన్ పీడనం పెట్టి, ఆటోక్లేవ్‌లో (పీడన పాత్రలో) వేడిచేసి లాగుతారు. రిపాజిటరీ వాళ్లు ఏది జరగకూడదని వేల టన్నుల బెంటొనైట్ దట్టిస్తారో, తుమ్మలపల్లె మిల్లులో దాన్నే కావాలని చేస్తారు. రసాయనం ఒక్కటే.

గాలి తగిలే బైకార్బొనేట్ నీళ్లలో వాడేసిన ఇంధనాన్ని పరీక్షిస్తే వేగం కోటో వంతు కంటే వందల రెట్లు ఎక్కువ వస్తుంది. అమెరికాలో రిపాజిటరీకి యూకా మౌంటెన్ ఎంపిక మీద వాదన వచ్చినప్పుడల్లా ఈ విషయం బల్ల మీదికి వచ్చేది. అక్కడ గుహలు నీటిమట్టానికి పైన, గాలి ఆడే టఫ్ (అగ్నిపర్వత బూడిద) శిలలో ఉండాలన్నది ప్రతిపాదన. యురేనియం డయాక్సైడ్ అక్కడ నిలవదు. మొదట షోపైట్ అనే ఖనిజంగా, తర్వాత సిలికా తోడై యురనోఫేన్ అనే ఖనిజంగా మారుతుంది. మెక్సికోలోని పెన్యా బ్లాంకాలో నోపాల్ గని ఖనిజం సహజంగా ఇదే క్రమంలో మారింది. టెక్నీషియం ఏడో వేలన్సీలో పర్‌టెక్నెటేట్‌గా హాయిగా కరుగుతుంది, నెప్ట్యూనియం ఐదో వేలన్సీకి వస్తుంది. బండకింద గారి ద్రావణీయత జాబితా మొత్తం తిరగబడుతుంది. అందుకే అక్కడ బరువంతా డబ్బా లోహం మీద, దాని పైన టైటానియం గొడుగు మీద పెట్టారు.

కేబీఎస్-3 చోట్లలో కూడా ఆక్సిజన్ వచ్చే దారి పూర్తిగా మూసుకుపోలేదు. మూసేటప్పుడు సొరంగంలో చిక్కుకున్న గాలి పెద్ద సమస్య కాదు. పైరైట్, సూక్ష్మజీవులు, రాగి ఉపరితలం దాన్ని భూగర్భ కాలమానంలో లెక్కలోకి రానంత త్వరగా తినేస్తాయి. చూడాల్సింది మంచుయుగం చివరన. హిమానీనదం కరిగిన నీళ్లు పీడనంతో కిందికి దిగుతాయి. అవి ఆక్సిజన్ తెస్తాయా అన్నది ఒక ప్రశ్న. అంతకంటే ముందు, ఆ నీళ్లలో లవణాలు ఉండవు. కాల్షియంలాంటి కాటయాన్లు లీటరుకు కొన్ని మిల్లీమోల్ కంటే తగ్గితే బెంటొనైట్ ఉబ్బి కొల్లాయిడ్‌గా (నీళ్లలో తేలే అతి సన్నని రేణువులుగా) విడిపోయి, పగులు గుండా కొట్టుకుపోతుంది. అప్పుడు విసరణ పోయి ప్రవాహం వస్తుంది. సల్ఫైడ్ నేరుగా రాగిని తాకుతుంది. లీచేట్ గారూ, మీ లెక్కలో ఏడాదికి లీటరు అన్నది అక్కడ చెల్లదు. ఆ సందర్భాన్ని విడిగా వెయ్యండి.

లీచేట్

ఇంకొక్కటి. మా ల్యాబ్‌లో రేడియేషన్ చూడని యురేనియం డయాక్సైడ్ పెల్లెట్ల మీద కరిగే వేగం కొలవాలనుకుంటున్నారు. మొదలుపెట్టగానే మొదటి వారం యురేనియం బాగా ఎక్కువ వచ్చి తర్వాత పడిపోతోంది. ఇది నిజమైన ఫలితమా, పద్ధతిలో లోపమా?

పెల్లెట్‌మీద

దాదాపు ఖాయంగా పద్ధతే. గాలి తగిలిన ఏ యురేనియం డయాక్సైడ్ మీదైనా ఆక్సీకరణ చెందిన పలుచని పొర ఉంటుంది. మొదట కరిగేది అదే. స్ఫటికం కాదు.

పెల్లెట్‌ను నలిపితే 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల ముక్కలు జల్లెడ పట్టి, అంటుకున్న సన్నపొడిని ఎసిటోన్‌లోనో మెథనాల్‌లోనో కడిగేయండి. ఆ పొడి బరువులో కొంచెమే అయినా ఉపరితలంలో పెద్ద వాటా దానిదే. తర్వాత ఆర్గాన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన వాయువులో 1000 డిగ్రీల దగ్గర క్షయకరణ చెయ్యండి. ఆపైన గ్లవ్ బాక్స్‌లోనే (గాలి చొరబడని, తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే పెట్టె) 10 మిల్లీమోలార్ సోడియం బైకార్బొనేట్‌తో కడుగుతూ, ప్రతిసారీ నీళ్లు పారబోసి, యురేనియం ఒక స్థాయికి దిగి నిలకడగా వచ్చేదాకా కానివ్వండి. అసలు ప్రయోగం అప్పుడు మొదలవుతుంది. ద్రావణానికి 10 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 2 మిల్లీమోలార్ సోడియం బైకార్బొనేట్ చాలు. నిజమైన భూగర్భజలంలో ఉన్నవన్నీ కలిపితే ఏది ఏం చేసిందో తెలియదు. బైకార్బొనేట్ ఉన్నందువల్ల ఆరో వేలన్సీ యురేనియం అవక్షేపం కాకుండా నీళ్లలోనే ఉండి లెక్కకు దొరుకుతుంది. వాయువులో కొంచెం కార్బన్ డయాక్సైడ్ లేకపోతే బైకార్బొనేట్‌లోంచి అది ఎగిరిపోయి పీహెచ్ పైకి పాకుతుంది. 0.03 శాతం కలిపితే సరిపోతుంది.

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. గ్లవ్ బాక్స్ మీటరు ఒక పీపీఎం చూపిస్తే చాలా బాగుందనుకుంటాం. ఒక పీపీఎం అంటే నీళ్లలో లీటరుకు దాదాపు 1.3×10⁻⁹ మోల్ ఆక్సిజన్. ఒక్కో ఆక్సిజన్ అణువు రెండు యురేనియం పరమాణువులను నాలుగు నుంచి ఆరుకు తేగలదు. అంటే మీరు కొలవబోయే ద్రావణీయతతో సమానమైన తప్పు గాలిలోనే ఉంది, అదీ అయిపోయినకొద్దీ మళ్లీ వచ్చి చేరుతూ. వేగం కొలవడానికి ఇది ఫరవాలేదు. ద్రావణీయత కొలవాలంటే ఇనుప రేకు వెయ్యాలి, లేదా పల్లేడియం ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఆడించాలి. ప్లాటినం ఎలక్ట్రోడ్ రెడాక్స్ అంకెను ముంచిన పది నిమిషాలకు రాసుకోకండి. ఇంత పలుచని ద్రావణంలో అది స్థిరపడటానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

నమూనాలు మొదట్లో దగ్గరదగ్గరగా, తర్వాత దూరంగా తీయండి: 7, 21, 63, 92, 182 రోజులు లాంటి క్రమం. 0.45 మైక్రాన్ వడపోత మీద ఆధారపడొద్దు, నాలుగో వేలన్సీ యురేనియం కొల్లాయిడ్లు దాని గుండా దూరిపోతాయి. 10 కిలోడాల్టన్ అల్ట్రాఫిల్టర్ గానీ, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ గానీ కావాలి. ఫిల్టర్ పొర కూడా యురేనియాన్ని పీల్చుకుంటుంది కాబట్టి మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోయండి. ప్రయోగం చివర పాత్రను 5 శాతం నైట్రిక్ ఆమ్లంతో కడిగి అందులోని యురేనియాన్నీ కలపండి. గాజు పాత్ర గోడకు అంటుకున్నది చాలాసార్లు నీళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ ఉంటుంది. టెఫ్లాన్, పీక్ ప్లాస్టిక్ పాత్రలు కొంత మేలు.

ఉపరితలం ఎంత అన్నదాన్నిబట్టి ఫలితం మూడు రెట్లు అటూ ఇటూ అవుతుంది. జ్యామితి లెక్కా, వాయు శోషణ పద్ధతి లెక్కా రాయకుండా చదరపు మీటరుకు ఇంత అని ప్రచురిస్తే ఇంకొకరి అంకెతో పోల్చలేరు.

నిజమైన ఇంధనం మీద చేసేవాళ్లకు రెండు మాటలు. యురేనియం తిరిగి అవక్షేపం కావొచ్చు కాబట్టి స్ఫటికం వేగానికి స్ట్రాన్షియం-90ను గుర్తుగా వాడటం మేలు. అయోడిన్ నమూనాను యురేనియంతో కలిపి నైట్రిక్ ఆమ్లంలో ఉంచొద్దు, ఎగిరిపోతుంది. దానికి విడిగా క్షార ద్రావణంలో ఒక భాగం తీసి పెట్టుకోవాలి. ఐసీపీ-ఎంఎస్‌లో (ద్రవ్యరాశిని బట్టి పరమాణువులను లెక్కించే పరికరం) 129 ద్రవ్యరాశి దగ్గర, ఆర్గాన్‌లో కల్మషంగా ఉన్న జెనాన్-129 అడ్డొస్తుంది. ఖాళీ నమూనా తీసివేయకపోతే లేని అయోడిన్ కనిపిస్తుంది. ఇంకో చిక్కు, రియాక్టర్ నుంచి కొన్నేళ్ల కింద వచ్చిన ఇంధనంలో బీటా, గామా చాలా ఎక్కువ, వేల ఏళ్ల తర్వాతి ఇంధనంలా ప్రవర్తించదు. అందుకే ప్లూటోనియం-238 గానీ యురేనియం-233 గానీ కలిపిన పెల్లెట్లు చేసి, వయసు మళ్లిన ఇంధనంలోని ఆల్ఫాకు సమానంగా తెచ్చి పరీక్షిస్తారు.

గాజుదిమ్మె

ఇదంతా ఇంధనాన్ని అలాగే పాతిపెట్టే దేశాల సంగతి. భారత్ ఇంధనాన్ని రీప్రాసెస్ చేస్తుంది (అంటే కరిగించి యురేనియం, ప్లూటోనియం వేరుచేస్తుంది), ఫ్రాన్స్ కూడా. కాబట్టి మన దగ్గర నీళ్లకు ఎదురయ్యేది పెల్లెట్ కాదు, బోరోసిలికేట్ గాజు. ట్రాంబే, తారాపూర్, కల్పక్కం మూడు చోట్లా అధిక స్థాయి ద్రవ వ్యర్థాన్ని గాజు చేస్తారు. శాశ్వత భూగర్భ రిపాజిటరీ మనకింకా లేదు. గాజు డబ్బాలు గాలితో చల్లబడే నిల్వ గదుల్లో ఉంటాయి. 1980లలో కోలార్ బంగారు గనిలో వెయ్యి మీటర్ల లోతున, వదిలేసిన ఒక భాగంలో హీటర్లు పెట్టి చేసిన ప్రయోగం శిల వేడికి ఎలా స్పందిస్తుందో చూడటానికి. కరగడం గురించి కాదు.

గాజు కరిగే తీరు వేరు. ఇక్కడ ఆక్సిజన్ కంటే సిలికా ముఖ్యం. ఫ్రెంచి ఆర్7టీ7 గాజు 90 డిగ్రీల స్వచ్ఛమైన నీళ్లలో మొదట చదరపు మీటరుకు రోజుకు ఒక గ్రాము చొప్పున కరుగుతుంది. నీళ్లలో సిలికా పేరుకుని, గాజు మీద జెల్ పొర ఏర్పడ్డాక అది పదివేల రెట్లు పడిపోయి 10⁻⁴ గ్రాముల దగ్గర స్థిరపడుతుంది. ఈ రెండు అంకెల తేడా డబ్బా మీద ఏం చేస్తుందో చూడండి. 400 కిలోల దిమ్మె బయటి ఉపరితలం 1.7 చదరపు మీటర్లు. చల్లారేటప్పుడు పగులుతుంది కాబట్టి 20 రెట్లు వేసుకుంటే 34. మొదటి వేగమే కొనసాగితే 30 ఏళ్లలో దిమ్మె అయిపోతుంది. తగ్గిన వేగంతో 3 లక్షల ఏళ్లు. కాబట్టి గాజు రిపాజిటరీలో మొదటి పని నీళ్లు పారకుండా, నిలవ ఉండేలా చూడటం. రెండోది, గాజు ఇంకా వేడిగా ఉన్నంతకాలం, అంటే కొన్ని వందల నుంచి వెయ్యి ఏళ్లు, ఉక్కు తొడుగుతో నీళ్లను దూరం పెట్టడం. ఫ్రాన్స్ బ్యూర్ దగ్గర 500 మీటర్ల లోతు బంకశిలలో చేయదలచింది ఇదే.

పాడయ్యే దారులూ తెలుసు. పీహెచ్ 10 దాటితే, వేడి కూడా ఉంటే, జెల్‌లోని అల్యూమినియం, సిలికా జియోలైట్లుగా స్ఫటికమై వేగం మళ్లీ లేస్తుంది. మామూలు కాంక్రీటు నీళ్ల పీహెచ్ 12 పైనే, అందుకే దాన్ని గాజు దగ్గరికి రానివ్వరు. ఉక్కు తుప్పు, బంకశిలలోని మెగ్నీషియం రెండూ సిలికాను లాగేసి సిలికేట్లు చేస్తాయి. అలా సిలికా పేరుకోకుండా పోతే వేగం పూర్తిగా పడదు. ఇక్కడ ఇనుము పాత్ర పెల్లెట్ విషయంలో చెప్పినదానికి ఉల్టా. అక్కడ కాపాడేది, ఇక్కడ తినేది. రెండు రకాల వ్యర్థాలకూ ఒకే డబ్బా నమూనా ఎందుకు పనికిరాదో అడిగేవాళ్లకు ఇది చెప్పండి.

గాజు తయారీలోనే జరిగే తప్పు ఇంకోటి ఉంది. ట్రాంబే పాత వ్యర్థంలో సల్ఫేట్ ఎక్కువ. మామూలు బోరోసిలికేట్‌లో సల్ఫేట్ ఒక శాతం కూడా సరిగా ఇమడదు. మాలిబ్డినం ఎక్కువైనా అంతే. కరుగు మీద పసుపుపచ్చని తెట్టుగా విడిపోతుంది. ఆ తెట్టు నీళ్లలో కరిగే సోడియం సల్ఫేట్, మాలిబ్డేట్ లవణం. సీజియం, స్ట్రాన్షియం కొంత అందులోకే చేరతాయి. గాజు ఎంత మంచిదైనా ఆ తెట్టు మొదటి నీళ్లకే పోతుంది. బేరియం బోరోసిలికేట్ కూర్పు ఎంచుకున్నది సల్ఫేట్‌ను గాజులోనే పట్టి ఉంచడానికి.

గాజు పరీక్షకు వాడే పీసీటీ (ప్రొడక్ట్ కన్సిస్టెన్సీ టెస్ట్) పద్ధతి గురించి ఒక హెచ్చరిక. 75 నుంచి 150 మైక్రాన్ల పొడి, గ్రాముకు 10 మిల్లీలీటర్ల నీళ్లు, స్టీలు పాత్ర, 90 డిగ్రీలు, 7 రోజులు. ద్రావణంలో బోరాన్, సోడియం, లిథియం కొలిచి గాజులో వాటి వాటాతో భాగిస్తారు. బోరాన్ జెల్ పొరలో నిలవదు కాబట్టి అదే సరైన గుర్తు. ఇది ఒక బ్యాచ్ గాజు ఇంకో బ్యాచ్‌తో సమానంగా ఉందా అని చూసే పరీక్ష మాత్రమే. 7 రోజుల అంకెను 365తో గుణించి, దాన్ని రిపాజిటరీ ఆయుష్షని రాసిన వ్యాసం కనిపిస్తే అక్కడే ఆపేయండి.

బండకింద

గాజుదిమ్మె గారి ఇనుము మాటకు జతగా ఒకటి. అమెరికాలో న్యూ మెక్సికోలోని విప్ రిపాజిటరీ, ఉప్పు పొరలో 655 మీటర్ల లోతున, 1999 నుంచి ప్లూటోనియం కలిసిన రక్షణ రంగ వ్యర్థాన్ని తీసుకుంటోంది. అక్కడి బెడద వేరు. వ్యర్థంలో కాగితం, గుడ్డలు, చెక్క ఉంటాయి. సూక్ష్మజీవులు వాటిని తింటే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఉప్పునీటి పీహెచ్ పడిపోతుంది, కార్బొనేట్ ఆక్టినైడ్లను (యురేనియం, ప్లూటోనియం వర్గం మూలకాలను) ద్రావణంలోకి లాగుతుంది. దానికి విరుగుడుగా డ్రమ్ముల దొంతర మీద మెగ్నీషియం ఆక్సైడ్ బస్తాలు పెడతారు. ఉప్పునీరు చేరినప్పుడు అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, పీహెచ్‌ను 9 దగ్గర నిలుపుతుంది. బ్యూర్‌లో గాజుకు చేటు చేసే మెగ్నీషియమే ఇక్కడ కాపలా.

లీచేట్ గారూ, మీ స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు వరుసలు విడదీసుకోండి: తక్షణ విడుదల, స్ఫటికం నుంచి విడుదల, ద్రావణీయత కోత, జిర్కలాయ్ గొట్టం నుంచి వచ్చే కార్బన్-14. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. దాని వేగం యురేనియంతో ఏ సంబంధమూ లేకుండా జిర్కలాయ్ తుప్పుతో నడుస్తుంది. అర్ధాయుష్షు 5730 ఏళ్లే కాబట్టి డబ్బా ఎప్పుడు చెడిందన్న ఊహను కొంచెం జరిపినా ఫలితం మారిపోతుంది.